చెన్నై ఏరియా సభలో మన వీధి సమస్య మినిట్స్‌కెక్కాలంటే: నా అనుభవం

చెన్నై కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్‌లో జరిగే కౌన్సిల్ సమావేశంలో మనకు మాట్లాడే హక్కు లేదు. అక్కడ మేయర్ అధ్యక్షతన మాట్లాడేది 200 వార్డుల కౌన్సిలర్లు. మామూలు జనం లేచి మాట్లాడి, ఆ మాటను రికార్డులోకి, అంటే మినిట్స్‌లోకి, ఎక్కించుకోగలిగే చోటు ఏరియా సభ. తమిళనాడులో ఈ సభలు 2022 నవంబరు 1న మొదలయ్యాయి. వార్డును ఏరియాలుగా విడగొట్టి దేనికది సభ పెడతారు. అధ్యక్ష స్థానం కౌన్సిలర్‌ది. టి.నగర్, పెరంబూరు, కొళత్తూరు వైపు మన తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, సభలో మాత్రం చాలామంది వెనక కుర్చీల్లో కూర్చుని, అయిపోయాక బయట గొణుక్కుంటూ ఇంటికి పోతారు. చూస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. అందుకే నేను పాటించే పద్ధతి రాస్తున్నాను.

ముందు ఓటు సంగతి. ఏరియా సభలో సభ్యులంటే ఆ ఏరియా ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్ళు. ఓటు నెల్లూరులోనో చిత్తూరులోనో ఉంచుకుని ఇక్కడ అద్దెకుంటే లెక్కలోకి రారు. ఇక్కడే ఉండిపోయేవాళ్ళు ఫారం 8 పెట్టి ఓటు ఈ చిరునామాకు మార్చుకోవాలి. అది మారేదాకా, అర్జీ మీద ఓటున్న ఇంటి ఓనరు సంతకమో పక్కింటివాళ్ళ సంతకమో మొదట ఉండేలా చూస్తాను.

తర్వాత, పని ఎవరిదో తేల్చుకోవాలి. చాలా అర్జీలు ఇక్కడే చచ్చిపోతాయి. వాననీటి కాలువ కార్పొరేషన్‌ది. తాగునీరు, మురుగునీటి లైను మెట్రో వాటర్ (నీటి సరఫరా, మురుగునీటి బోర్డు) వాళ్ళవి. వీధి దీపం కార్పొరేషన్‌ది, ట్రాన్స్‌ఫార్మరు, వీధి పక్కన ఉండే కరెంటు పిల్లర్ బాక్సు ఈబీ (కరెంటు బోర్డు) వాళ్ళవి. "మా వీధిలో డ్రైనేజీ పొంగుతోంది" అని రాస్తే కార్పొరేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) "అది మెట్రో వాటర్‌ది" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. వెళ్ళి మూత చూడండి. మామూలుగా రోడ్డు మధ్యన గుండ్రటి ఇనుప మూత ఉంటే అది మురుగు లైను. రోడ్డు అంచున, కాలిబాట వెంబడి పలకలు పరిచి నలుచదరం మూతలున్నది వాననీటి కాలువ. వాన లేని రోజున ఆ అంచు కాలువలో నల్లటి నీళ్ళు పారుతుంటే ఎవరో మురుగు గొట్టాన్ని దొంగచాటుగా అందులో కలిపారని అర్థం. అప్పుడు అర్జీ ఒకటి సరిపోదు. కలిపిన కనెక్షన్ తీయించమని ఒకటి, కాలువలో పూడిక తీయమని ఒకటి, విడివిడిగా ఇవ్వాలి.

అర్జీ ఒక పేజీ, ఒకే విషయం. దీపం, కుక్కలు, చెత్త, రోడ్డు అన్నీ ఒకే కాగితం మీద రాస్తే మినిట్స్‌లో "పలు సమస్యలు విన్నవించారు" అని ఒక్క వాక్యం పడుతుంది, దాన్నిబట్టి ఎవర్నీ అడగలేం. వీధి పేరు, ఏ నంబరు ఇంటి నుంచి ఏ నంబరు ఇంటిదాకా, సుమారు ఎన్ని మీటర్లు, దీపమైతే స్తంభం మీది నంబరు, ఫోటో తీసిన తేదీ రాస్తాను. కార్పొరేషన్ ఫిర్యాదుల ఫోన్ నంబరు 1913కు ముందే ఫిర్యాదు చేసి ఆ ఫిర్యాదు నంబరు కూడా వేస్తాను. "ఎంతకాలం నుంచో ఉంది" అనేదానికి ఆ నంబరే సాక్ష్యం. అర్జీ తమిళంలో ఉంటే మంచిది. తమిళం రాయడం రానివాళ్ళు బడికెళ్ళే పిల్లల చేత రాయించుకోవచ్చు, తప్పేం లేదు. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో సంతకమో ముద్రో వేయించుకోవాలి.

రోడ్డు అడిగేవాళ్ళు ఒక మాట తప్పకుండా చేర్చండి: పాత తారు మిల్లింగ్ చేసి తీశాకే కొత్తది వెయ్యాలని. పాతదాని మీదే వేసుకుంటూ పోతే రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్ళ గుమ్మాలు పల్లమవుతాయి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం రాగానే నీళ్ళు ఇంట్లోకొస్తాయి. అలాగే పూడికతీత ఎండాకాలంలోనే అడగాలి. సెప్టెంబరులో అడిగితే పని జరిగే టైమే ఉండదు.

ఇక సభలో నడవడిక. వెళ్ళగానే హాజరు పుస్తకంలో పేరు, వీధి, సంతకం. అది లేకపోతే మనం వచ్చినట్టే కాదు. మాట్లాడేటప్పుడు "తలైవర్ అవర్గళుక్కు వణక్కం" (అధ్యక్షులవారికి నమస్కారం) అని అధ్యక్ష స్థానానికే చెప్పాలి. ఏఈ వైపు తిరిగి నిలదీస్తే ఆయన జవాబిస్తారు, ఇద్దరి మధ్యా వాదన పెరుగుతుంది, రాసేవాళ్ళు కలం కింద పెట్టేస్తారు. అదే ప్రశ్నను అధ్యక్షుల ద్వారా అడిగితే జవాబు సభకు చెప్పిన జవాబవుతుంది. కార్పొరేషన్ సీట్లలో సగం మహిళలవి. కౌన్సిలర్ ఆడవాళ్ళయినచోట పక్కన నిలబడ్డ భర్తకు సమస్య చెప్పుకునేవాళ్ళను చూస్తుంటాను. అది ఆమెను అవమానించడమే. జనం ఎన్నుకున్నది ఆమెను, సంతకం చేసేది ఆమె. బయట "అక్కా" అని పిలిచే చనువున్నా సభలో తలైవర్ అనే అనాలి.

మాట రెండు నిమిషాలు దాటకూడదు. చోటు, సమస్య, ఎవరు ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా: ఇంతే. తమిళం తడబడినా ఫరవాలేదు, కాగితం చూసి చదవండి, ఎవరూ నవ్వరు. ముందు మాట్లాడినవాళ్ళు అదే సమస్య చెప్పేస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పకుండా "మా వీధిలోనూ ఇదే, మా అర్జీ కూడా చేర్చండి" అని కూర్చోవాలి. పార్టీ ఊసు, పోయినసారి కౌన్సిలర్ ఊసు ఎత్తితే సభ చేజారిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం చివరి ఐదు నిమిషాలు. సభ ముగిస్తున్నామనగానే జనం టీ వైపు కదులుతారు. అప్పుడే లేచి "మా విషయం ఎలా రాశారో ఒకసారి చదివి వినిపించండి" అని మర్యాదగా అడుగుతాను. "పరిశీలిస్తామన్నారు" అని ఉంటే, ఏ అధికారి, ఏ తేదీలోగా అన్నది చేర్చమంటాను. గడువు లేని హామీని తర్వాతి సభలో గుర్తుచేసినా పట్టు దొరకదు.

పెద్ద ఖర్చున్న పని ఏరియా సభతో తేలదు. కౌన్సిలర్ దాన్ని జోనల్ కమిటీకి తీసుకెళ్ళాలి. కొన్ని వార్డులు కలిస్తే ఒక జోన్. అక్కడి పరిధి దాటితే స్టాండింగ్ కమిటీకి, తర్వాత కౌన్సిల్‌కి వెళ్తుంది. కాబట్టి మన అర్జీ ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందని కౌన్సిలర్ ఆఫీసులో అడగాలి. "అయిందా?" అంటే "అవుతుంది" అంటారంతే.

మినిట్స్ చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెడతాను. జోనల్ ఆఫీసు ప్రజా సమాచార అధికారి పేర, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, "ఫలానా తేదీ ఏరియా సభ హాజరు పట్టిక, మినిట్స్ నకలు" అని మాత్రమే అడుగుతాను. ఎందుకు చెయ్యలేదని అడగను, అది సమాచారం కిందికి రాదని తోసేస్తారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వెయ్యాలి. నకలు చేతికొచ్చాక వీధిలో సంతకాలు పెట్టినవాళ్ళందరికీ తలా ఒక జిరాక్సు ఇస్తాను. తర్వాతి సభలో వాళ్ళలో ఎవరైనా లేచి ఆ గడువు తేదీ చదవగలగాలి.