రైతులు అనే ఫోల్డర్ ఎందుకు కనిపించలేదు

అనంతపురం వేరుశనగ రైతుల కోసం మేము రాస్తున్న ప్రోగ్రాములో ఫోల్డర్లకు తెలుగు పేర్లే ఉండాలని మొదటి నుంచీ పట్టుబట్టినవాణ్ణి నేనే. అందుకే, కోడ్ మార్పులను నమోదుచేసే గిట్‌లో మార్పులు జరిగిన ఫోల్డర్లను చెట్టు రూపంలో చూపడానికి నేను తయారుచేసిన చిన్న పనిముట్టులో 'రైతులు' అన్న పేరు స్థానంలో 340, 260, 260 అంటూ వెనుక గీతలతో (\) కూడిన అంకెల వరుస కనిపించినప్పుడు మనసుకు కష్టంగా అనిపించింది.

కారణం నా కోడ్‌లోనే ఉంది. కంప్యూటరు అక్షరాలను బైట్లుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఆస్కీ పరిధి దాటిన బైట్లను గిట్ సాధారణంగా అష్టాంశ (ఎనిమిది ఆధారమైన) సంఖ్యలుగా మార్చి, పేరును కొటేషన్ గుర్తుల మధ్య ఇస్తుంది. ఆ మూడు అంకెలు 'ర' అక్షరానివే. కోట్‌పాత్ అనే అమరికను ఆపివేస్తే తెలుగు కనిపిస్తుంది గాని, కొటేషన్ గుర్తు ఉన్న పేర్లు అప్పుడు కూడా మారిపోతాయి కాబట్టి, పేర్లను ఉన్నవి ఉన్నట్టుగా సున్నా బైటుతో వేరుచేసి ఇచ్చే మైనస్ జెడ్ (-z) ఐచ్ఛికాన్నే ఎంచుకున్నాను.

అంతటితో తీరలేదు: ఇప్పుడు 'రైతులు' రెండుసార్లు కనిపించింది! ఐత్వాన్ని, ప్రతి గుర్తుకూ ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో 0C48 అనే ఒకే సంకేతంగానూ, 0C46, 0C56 అనే రెండింటి జంటగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, కంప్యూటరుకు వేర్వేరు. పోల్చే ముందు రెండు పేర్లనూ, ఇలాంటి జంటలను ఒకే సంకేతంగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చాను, డిస్కు మీది అసలు పేరును మాత్రం ముట్టుకోలేదు. చెట్టులో ఇప్పుడు 'రైతులు' ఒక్కటే ఉంది.