బానెట్ ముందుకు తెరుచుకునే బండి

గత దసరాకు మా మేనల్లుడు హైదరాబాదు నుంచి నల్లగొండకు తన కొత్త స్పోర్ట్స్ కారులో వచ్చాడు. జర్మనీలో తయారైన ఆ రెండు తలుపుల కారు క్లాక్ టవర్ సెంటరు దాటి మా వీధిలోకి తిరిగేసరికి దాని వెనుక పదిమంది పిల్లలు పరుగెత్తుకుంటూ వస్తున్నారు. మా గేటుకు ముందున్న స్పీడ్ బ్రేకర్ దగ్గర వాడు ఏదో మీట నొక్కాడు. కారు ముక్కు కాస్త పైకి లేచి, గడ్డను దాటి, మళ్లీ తనంతట తాను కిందికి దిగింది. ధర విన్న మా ఇంటావిడ పైకి ఏమీ అనలేదు గాని, ఆ డబ్బుకు పానగల్లు చెరువు కింద ఎంత భూమి వచ్చేదో లోలోపల లెక్క వేసుకుంటున్నట్లు ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

భోజనాలయ్యాక వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నార్కట్‌పల్లి మీదుగా విజయవాడ హైవే ఎక్కాడు. రోడ్డు ఖాళీగా కనిపించిన ఒకచోట యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కగానే నా వీపు సీటుకు అతుక్కుపోయింది, సుమారు నాలుగు సెకన్లలో మీటరు నూరు చూపించింది. నాలుగు వరుసల జాతీయ రహదారులపై కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం కూడా సరిగ్గా గంటకు 100 కిలోమీటర్లే గనుక, ఆ కారు చేయగలిగిన పనిలో చట్టం ఒప్పుకునే భాగం ఆ నాలుగు సెకన్లతోనే పూర్తయింది. మిగిలిన దారంతా, కొర్లపహాడ్ టోల్‌గేటు దాకా, ఒక ఖాళీ సిమెంటు లారీ వెనుక దుమ్ము తింటూ నడిచాం.

తిరుగు ప్రయాణంలో తాళం నాకిచ్చాడు. నేను ఎక్కడా తప్పు చేయలేదు. చేయడానికి ఆ కారు అవకాశమివ్వలేదు. గేర్లు అదే మార్చుకుంది, గీత దాటబోతే అదే హెచ్చరించింది, స్టీరింగ్ ఒంటివేలితో తిరిగింది. సభకు పిలిచి శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టిన ముఖ్య అతిథికి ఎంత పని ఉంటుందో, ఆ డ్రైవరు సీట్లో నాకూ అంతే పని ఉందనిపించింది.

పాత స్పోర్ట్స్ కార్ల మీద మోజు ఎందుకు చావడం లేదని ఎవరైనా అడిగితే నేను చూపించగలిగిన సాక్ష్యం మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఉంది. నిజానికి అది స్పోర్ట్స్ కారు కాదు, 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. పాలమూరులో డాక్టరుగా పనిచేసిన మా పెద్దబాపు కొన్న బండి. ఆయన పిల్లలందరూ అమెరికాలో స్థిరపడటంతో చివరికి నా వాకిట్లోకి చేరింది. బ్రిటన్‌లోని స్టాండర్డ్-ట్రయంఫ్ సంస్థ 1959లో విడుదల చేసిన ఈ కారును 1961 నుంచి మద్రాసులో తయారు చేశారు. దాని రూపం గీసినవాడు జొవాన్నీ మికెలొట్టి అనే ఇటలీ కార్ల డిజైనర్. ఇంజన్ 948 సీసీ, శక్తి సుమారు 35 అశ్వశక్తి. బానెట్ ముందు మడ్‌గార్డులతో సహా ఒకే ముక్కగా ముందుకు వాలి తెరుచుకుంటుంది. తెరిచిన తరువాత ముందు టైరు మీద కూర్చొని, కాళ్లు చాపుకొని, ప్లగ్గులూ డిస్ట్రిబ్యూటరూ, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటరూ చేతికందే దూరంలో పెట్టుకొని పని చేసుకోవచ్చు. ఇరవై అయిదు అడుగుల వ్యాసంలో గుండ్రంగా తిరిగిపోతుంది, కాబట్టి మా సందులో నా పక్కింటివారి చిన్న కారు రెండు మూడుసార్లు వెనక్కీ ముందుకూ ఆడితే తప్ప తిరగని చోట ఈ ముసలి బండి ఒక్క విడతలో తిరిగి నిలబడుతుంది. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు కలిగే గర్వం నా వయసుకు తగినది కాదు.

నేను కారు నేర్చుకున్నది ఆ బండి మీదనే, వేసవి సెలవుల్లో, పిల్లలమర్రికి పోయే దారిలో. దాని ఫస్టు గేరుకు సింక్రోమెష్, అంటే పళ్ల చక్రాల వేగాలను తానే కలిపే ఏర్పాటు, లేదు. బండి పూర్తిగా ఆగితే తప్ప ఆ గేరు వేయకూడదు, కదులుతుండగా వేయాలంటే రెండుసార్లు క్లచ్చు తొక్కి, మధ్యలో కొద్దిగా రేసు ఇచ్చి, పళ్ల చక్రాల వేగాలు కలిసేటట్లు చూసుకోవాలి. నేను గరగరలాడించిన ప్రతిసారీ పెద్దబాపు పళ్లు బిగబట్టేవాడు గాని కోప్పడేవాడు కాదు. "గేరు చేతితోటి కాదు బిడ్డా, చెవితోటి మార్చాలె. ఇంజన్ ఏమంటున్నదో ముందుగాల ఇను" అనేవాడు. ఆ మాట నాకు అర్థం కావడానికి రెండు సెలవులు పట్టింది.

ఇక స్పోర్ట్స్ కారు సంగతి. ఈ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టిగా కోసి, దాని మీద అదే మికెలొట్టి గీసిన రెండు సీట్ల టాపులేని శరీరాన్ని కూర్చోబెట్టి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే కారును తెచ్చారు. ఇంజన్ 1147 సీసీ, జంట కార్బొరేటర్లతో 63 అశ్వశక్తి, బరువు సుమారు 700 కిలోలు. గంటకు 96 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి 15 సెకన్లకు మించి పట్టేది. ఇవాళ టాక్సీలుగా తిరిగే చిన్న కార్లు కూడా దాన్ని సునాయాసంగా దాటిపోతాయి. అయినా 1980 దాకా దాన్ని తయారు చేస్తూనే ఉన్నారు, ఆ తరువాత నలభై ఏళ్లకు పైగా జనం దాన్ని వెతికి కొంటూనే ఉన్నారు. అంటే ఆ ఆకర్షణ వేగంలో లేదన్నమాట.

మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లినప్పుడు, పాత కార్లను రోజు అద్దెకు ఇచ్చేచోట ఒక స్పిట్‌ఫైర్ దొరికింది. బానెట్ ఎత్తి చూసినప్పుడు, పరాయి దేశంలో మన ఊరి చుట్టం కనిపించినట్లయింది: అదే ముందుకు వాలే ముక్కు, అదే తీరులో చేతికందే ఇంజన్, సింక్రో లేని అదే ఫస్టు గేరు. వార్విక్‌షైర్ పల్లె దారుల్లో, రెండు వైపులా పొదల మధ్య, నేను డెబ్బై కిలోమీటర్లు మించిన సందర్భాలు చాలా తక్కువ. కూర్చుంటే నేల చేతికందేంత కిందగా ఉంటాం. ఎదురుగాలి నేరుగా నుదుటికి తగులుతుంది. అద్దం చుట్టూ ఉన్న స్తంభాలు సన్నగా ఉండటం వల్ల మలుపు చివర దాకా కంటికి కనిపిస్తుంది. ఆ డెబ్బైలో ఉన్న సంతోషం, మేనల్లుడి కారు నూటికి చేరినప్పుడు నాకు లేదు.

దీనికి కారణం భావుకత మాత్రమే కాదు, యంత్రంలోనే ఉంది. పోర్షె 911 అనే జర్మన్ స్పోర్ట్స్ కారు మొదటి రూపం బరువు సుమారు 1,080 కిలోలు, శక్తి 130 అశ్వశక్తి. ఇవాళ అదే పేరుతో వస్తున్న కారు 1,500 కిలోలు, శక్తి నాలుగు వందలకు దగ్గర. ఎయిర్‌బ్యాగులు, తలుపుల్లో ఉక్కు దూలాలు, ఏసీ, శబ్దాన్ని ఆపే పొరలు చేరేకొద్దీ బరువు పెరిగింది. బరువును ఆపడానికి పెద్ద బ్రేకులు, పెద్ద బ్రేకుల కోసం పెద్ద చక్రాలు, చక్రాలకు వెడల్పాటి టైర్లు, వీటన్నిటినీ లాగడానికి మళ్లీ పెద్ద ఇంజన్ కావలసివచ్చింది. వెడల్పాటి టైరు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, అది పట్టు వదిలే వేగం మామూలు రోడ్డు మీద మనిషి చేరకూడని చోట ఉంటుంది. పాత కారు సన్నని టైరు యాభై దగ్గరే మాట్లాడటం మొదలుపెడుతుంది. ఏ మోటారు సాయమూ లేకుండా పళ్ల కడ్డీతో చక్రాలను తిప్పే ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ మలుపులో బరువెక్కుతుంది, టైరు జారబోయే ముందు చేతిలో ఒక్కసారిగా తేలికవుతుంది. ఆ తేలికే హెచ్చరిక. విద్యుత్ మోటారు మధ్యలో చేరాక ఆ కబురు చాలా వరకు దారిలోనే ఆగిపోతున్నది.

అలాగని పాత కారును దేవుణ్ని చేయడం కూడా నాకు ఇష్టం లేదు. హెరాల్డ్, తొలి స్పిట్‌ఫైర్‌ల వెనుక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద, అంటే ఒక్కో చక్రం విడిగా పైకీ కిందికీ ఊగే ఇరుసు మీద, ఉంటాయి. మలుపు మధ్యలో భయపడి హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే వెనుక భాగం పైకి లేచి, చక్రం లోపలికి మడతపడినట్లు వంగి, బండి గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. స్పిట్‌ఫైర్‌కు ఈ జబ్బును 1970లో చాలా వరకు నయం చేశారు. మద్రాసులో హెరాల్డ్ తరువాత 1972లో వచ్చిన గజెల్‌కు ఆ యాక్సిల్‌నే తీసేశారు. మా బండికి నాలుగు వైపులా డ్రమ్ము బ్రేకులే. వానలో తడిస్తే మొదటి రెండు తొక్కుళ్లు దేవుడి పేరు తలుచుకోవడానికే పనికివస్తాయి. రాత్రిపూట విజయవాడ హైవే మీద మనవరాలిని ఎక్కించుకొని పోవలసి వస్తే నేను మేనల్లుడి కారే ఎక్కుతాను, అందులో నాకు రెండో ఆలోచన లేదు.

హెరాల్డ్‌లో ఒకసారి శ్రీశైలం వెళ్లిన సంగతి చెప్పాలి. అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునే అచ్చంపేట వైపు నుంచి వచ్చి గేటు దగ్గర కాచుకున్నాను. తెరిచిన తరువాత నల్లమలలో ఆ పొద్దుటి చల్లదనంలో బండి నడిచినట్లు మరెప్పుడూ నడవలేదు. వచ్చేటప్పుడు మాత్రం పాతాళగంగ వైపు నుంచి దోమలపెంటకు ఎక్కే ఘాటులో నీళ్లు మరిగి ఆవిరి లేచింది. చెట్టు కింద ఆపి, బానెట్ వాల్చి, అరగంట కూర్చున్నాను. ఆగిన ప్రతి వాహనదారుడూ ఏమైందని అడిగాడు; అడిగినవాళ్లలో ఇద్దరు తమ ఇంట్లో ఒకప్పుడు ఉన్న బండి గురించి చెప్పి, నీళ్ల సీసా ఇచ్చి వెళ్లారు.

చప్పుడు గురించి కూడా ఒక మాట. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో ఇంజన్ చప్పుడును స్పీకర్ల ద్వారా లోపల వినిపించారు. 2023లో వచ్చిన హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ అనే విద్యుత్ కారులో అసలు లేని గేర్లు మారుతున్నట్లు కుదుపును, లేని ఇంజన్ చప్పుడును కల్పించి ఇస్తున్నారు. పాట ఎత్తుకునే ఆడవాళ్లు కరువై బతుకమ్మ చుట్టూ డీజే పెట్టుకున్నట్లుంది ఇది. అయితే పోగొట్టుకున్నదేమిటో తయారు చేసేవారికి బాగా తెలుసనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. తెలిసి సరిగ్గా చేసినవారూ ఉన్నారు: పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లోటస్ ఎలాన్‌ను మనసులో పెట్టుకొని 1989లో మజ్దా తెచ్చిన ఎంఎక్స్-5 ఈనాటికీ టన్ను బరువుకు అటూ ఇటూగానే ఉంది, కార్ల డిజైనర్ గోర్డన్ మరే 2020లో చూపిన టి.50 పన్నెండు సిలిండర్లతో, చేత్తో మార్చే గేర్లతో వెయ్యి కిలోల లోపే నిలిచింది. మొదటిది మన దేశంలో అమ్మరు, రెండోది వందే చేశారు. మనలాంటివారికి రెండూ ఒకటే.

ఇదంతా ముసలివాళ్ల బెంగ కాదా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. గాలితో చల్లబడే 911ను 1998లో నిలిపివేసినప్పుడు దాని అభిమానులు కంటతడి పెట్టారు. నీటితో చల్లబడే దాన్ని తిట్టారు. 2011లో విద్యుత్ స్టీరింగ్ వచ్చేసరికి ఆ తిట్టించుకున్న కారే అసలైనదని మెచ్చుకోసాగారు. ప్రతి తరానికీ తన యౌవనంలో చూసిన బండే చివరి మంచి బండి. ఈ అనుమానం నాలో చాలాకాలం ఉంది, దాన్ని తీర్చింది మాత్రం మేనల్లుడే.

పండుగ మరునాడు పొద్దున వాడు షెడ్డులోకి వచ్చి, నడపనా అని అడిగాడు. వాడు పుట్టేనాటికి ఈ కారు మద్రాసులో ఆగిపోయి ఇరవై ఏళ్లయింది. దీని మీద వాడికి ఏ జ్ఞాపకమూ లేదు, బెంగ పడవలసిన అవసరమూ లేదు. చోక్ లాగి స్టార్టు చేయడం చెప్పాను. గేటు దాటకముందే రెండుసార్లు ఆగిపోయింది. పానగల్లు దారిలో మూడో గేరులో పడి, నలభై అయిదు కిలోమీటర్ల వేగంతో చెరువు కట్ట వైపు మలుపు తిరిగినప్పుడు వాడు మాట్లాడటం మానేశాడు, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకొని కళ్లు పెద్దవి చేశాడు. కొంతసేపటికి, "ఇదేంది మామా, స్టీరింగ్ బతికున్నట్టు కదులుతున్నది" అన్నాడు. ఛాయా సోమేశ్వరాలయం దగ్గర ఆపి, తనే బానెట్ వాల్చి, ఒక్కొక్క భాగాన్నీ చూపించి పేరు అడిగాడు. కార్బొరేటర్‌ను వాడు జీవితంలో మొదటిసారి చూశాడు.

వాడికి ఇవ్వాలని ఉంది గాని, ఇచ్చే ముందు చేయవలసినవి చాలా ఉన్నాయి. పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతానికి చేరాక పాత రబ్బరు పైపులు మెత్తబడుతున్నాయి, వాటన్నిటినీ మార్చాలి. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 నిబంధనల ప్రకారం వీఏ అక్షరాలున్న వింటేజ్ నంబరు తీసుకోవచ్చు, కొత్తగా అయితే రుసుము 20,000 రూపాయలు. కానీ ఆ నంబరుతో రోజూ రోడ్డెక్కకూడదు గనుక నేను ఫిట్‌నెస్ చేయించి పాత ఆర్‌సీనే పొడిగించుకుంటున్నాను. సంక్రాంతికి తన కారులోనే వస్తాడట, వచ్చాక మాత్రం హెరాల్డ్ తాళం తనకే కావాలని ఫోనులో ముందే చెప్పి పెట్టాడు. ఎడమవైపు వెనుక చక్రం బ్రేకు సిలిండర్ కారుతున్నది. రేపు పొద్దున మెకానిక్ షెడ్డు తెరవగానే తీసుకుపోవాలి.