ఖిలా వరంగల్‌లో దూలం, కమాను

వరంగల్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి, మట్టికోట దాటి, రాతికోట దర్వాజాల్లో వంకర తిరిగి లోపలికి వెళ్తే స్వయంభూ శివాలయం శిథిలాలు కనిపిస్తాయి. వాటికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. అక్కడికి కూతవేటు దూరంలోనే ఖుష్ మహల్. రాతితో ఖాళీని దాటించడానికి ఉన్న రెండు ప్రధాన పద్ధతులూ, దూలం, కమాను, ఇంత దగ్గరగా ఒకేచోట దొరకడం అరుదు. అందుకే ఇక్కడ శిల్పాల కంటే ముందు బరువు నడిచే దారిని చూడాలని మేము వెళ్లాం.

ముందు తోరణం. రాష్ట్ర చిహ్నంలో చూసి చూసి దీన్ని ఆర్చి అనుకుంటాం గానీ, ఇందులో కమాను పనితనం ఏమీ లేదు. నిలువు స్తంభాలు, వాటి తలల నుంచి ఏటవాలుగా లేచిన బ్రాకెట్లు, ఆ పైన అడ్డంగా భారీ రాతి దూలం. అంతే. దూలం మీద బరువు పడితే అది కంటికి కనిపించనంతగా వంగుతుంది. పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. చిక్కంతా ఆ సాగడంలోనే ఉంది. గ్రానైట్ నొక్కుడును చాలా ఓర్చుకుంటుంది. లాగితే మాత్రం అందులో దాదాపు పదో వంతుకే తెగిపోతుంది. అందుకే రాతి దూలానికి బీట పడితే ఎక్కువగా నడిమధ్యన, అడుగు నుంచి మొదలవుతుంది.

మీటరుకి ఇంత అని సమంగా పరుచుకున్న బరువుకి, ఖాళీ రెట్టింపయితే వంచే శక్తి నాలుగు రెట్లవుతుంది. బ్రాకెట్ల విలువ ఇక్కడ తెలుస్తుంది. మూడు మీటర్ల ఖాళీలో రెండు వైపులా అర మీటరు చొప్పున బ్రాకెట్లు ముందుకొస్తే దూలానికి మిగిలేది రెండు మీటర్లే. మూడో వంతు ఖాళీ తగ్గింది, వంచే శక్తి సగం కంటే తక్కువకి పడిపోయింది, సరిగ్గా చెప్పాలంటే తొమ్మిదింట నాలుగు వంతులకి. తోరణం పక్కగా నిలబడి బ్రాకెట్ స్తంభాన్ని తాకే అతుకు చూడండి. అలంకారం అనిపించే ఆ రాయి నిజంగా పని చేస్తోంది.

ఖుష్ మహల్ దగ్గర తర్కం మారిపోతుంది. 38 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల ఎత్తున్న హాలు. 16వ శతాబ్దపు వరంగల్ పాలకుడు షితాబ్‌ఖాన్ దర్బారని చెబుతారు. కట్టుబడి తీరు మాత్రం తుగ్లక్ కాలపు ఢిల్లీ మహళ్లదే. లోపల హాలుకి అడ్డంగా ఎత్తైన మొనదేలిన కమానులు వరుసగా నిలబడి ఉంటాయి. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది. సాగాల్సిన అవసరం ఏ రాయికీ రాదు. దానికి బదులు మరో ఖర్చు ఉంది, కమాను తన పాదాలను బయటికి తోస్తుంది. కట్టినరోజు నుంచి కూలేదాకా ఆ తోపుడు ఆగదు.

ఎంత తోస్తుందో లెక్క కట్టొచ్చు. మీటరుకి బరువును ఖాళీ వర్గంతో గుణించి, కమాను ఎత్తుకి ఎనిమిది రెట్లతో భాగించాలి. ఉదాహరణకి మీటరుకి ఒక టన్ను, ఖాళీ 10 మీటర్లు, ఎత్తు 5 మీటర్లు అనుకుంటే తోపుడు రెండున్నర టన్నులు. ఒక్కో పాదం మీద కిందికి పడే బరువు 5 టన్నులు. ఎత్తు రెండున్నర మీటర్లకి తగ్గిస్తే తోపుడు 5 టన్నులకి పెరుగుతుంది. మొనదేలిన కమానుకున్న లాభం ఇదే. అదే ఖాళీకి అర్ధవృత్తం కంటే ఎత్తుగా లేస్తుంది కాబట్టి పక్కకి తక్కువ తోస్తుంది.

ఇప్పుడు గోడ సంగతి. రెండున్నర టన్నుల తోపుడు, 5 టన్నుల బరువు కలిస్తే బలం రెండు మీటర్లు దిగేలోపు ఒక మీటరు బయటికి జరుగుతుంది. గోడ తన సొంత బరువు మరో 5 టన్నులు కలిపిందంటే నాలుగు మీటర్లు దిగితే గానీ ఒక మీటరు జరగదు. అంటే గోడ బరువు వృథా కాదు, తోపుడును నేలవైపు మళ్లిస్తుంది. ఖుష్ మహల్ గోడలు నేలకి దాదాపు 77 డిగ్రీల వాలులో ఉన్నాయి. ఆ లెక్కన 12 మీటర్ల ఎత్తులో బయటి ముఖం సుమారు 2.8 మీటర్లు లోపలికి వాలుతుంది. నాలుగుంపావు మీటర్లకి ఒక మీటరన్నమాట. పై అంకెలు మేము ఎంచుకున్నవే కాబట్టి దీన్ని రుజువు అనలేం. కానీ వాలు గోడ చేసే పని సరిగ్గా ఇదే, బలం బయటికి జరుగుతున్నకొద్దీ దాని కింద రాయి ఉండేలా చూడడం.

ఈ బలం దారిని చూడ్డానికి 1675లో రాబర్ట్ హుక్ చెప్పిన కిటుకు ఇప్పటికీ చాలు: వేలాడే గొలుసు ఆకారాన్ని తిరగేస్తే అదే నిలబడే కమాను. కమానుకి నేరుగా ఎదురుగా, మధ్యలో నిలబడి ఫొటో తీయండి. ప్రింటు తీసి తలకిందులుగా గోడకి అంటించి, రెండు పాదాల మందంలో గుండుసూదులు గుచ్చి సన్నని గొలుసు వేలాడదీయండి. పైన గోడ ఎక్కువ బరువున్నచోట గొలుసుకి పేపర్ క్లిప్పులు తగిలించండి. పొడవు సవరిస్తూ పోతే గొలుసు మొత్తం కమాను మందంలోనే ఇమిడే ఒక్క వంపు దొరికినా చాలు, పాదాలు కదలనంతవరకూ ఆ కమాను నిలుస్తుంది. మందాన్ని మూడు భాగాలు చేసి, గొలుసు నడిమి భాగంలోనే ఉంటే ఇంకా మంచిది. అప్పుడు ఏ అతుకూ తెరుచుకోదు. మొనదేలిన కమానులో గొలుసు మొన దాకా వెళ్లదు. వెళ్లాలంటే సరిగ్గా అక్కడే బరువు కట్టాలి. మొన మీద బరువు మరీ తక్కువై భుజాల మీద, అంటే మొనకీ పాదాలకీ మధ్య భాగాల మీద, ఎక్కువైతే, భుజాలు లోపలికి కుంగి మొన పైకి లేస్తుంది.

ఏ పాత కమాను చూసినా మొదట చూడాల్సింది పాదాలు. పాదాలు కొద్దిగా ఎడమైతే నడినెత్తిన అడుగువైపు, భుజాల దగ్గర పైవైపు బీటలు తెరుచుకుంటాయి. తెరుచుకున్న ప్రతి బీటా ఒక కీలులా తిరుగుతుంది. అలా మూడు కీళ్లు ఏర్పడినా కమాను కొత్త కొలతకి సర్దుకుని నిలబడుతుంది. నాలుగో కీలు పడితేనే ముప్పు. బీట అంచులు నల్లబడి దుమ్ము పట్టి ఉంటే పాతది. తెల్లగా, పదునుగా ఉంటే కదలిక ఇంకా నడుస్తోందని అర్థం. బీటకి అడ్డంగా సన్నని గాజుపట్టీ అతికించి వదిలేస్తే కొన్ని నెలల్లో తేలిపోతుంది. బీట కదిలితే గాజు పగులుతుంది.

అసలు నష్టం తరచూ నీళ్లతో మొదలవుతుంది. కప్పు కారి అతుకుల్లో సున్నం కొట్టుకుపోతుంది, ఆ సందుల్లో రావి మొలుస్తుంది, వేరు లావెక్కి రాళ్లను ఎడం చేస్తుంది. సున్నపు కట్టుబడికి సిమెంటు పూయడం మరీ చేటు. గట్టి సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు, కదలికకి సర్దుకోదు, పక్కనున్న మెత్తని సున్నమే తెగుతుంది. భుజాల మీద నింపిన రాయీ మట్టీ చెత్త అనుకుని తీసేయడం ఇంకో పొరపాటు. గొలుసును మందంలో పట్టి ఉంచేది ఆ బరువే.

సమయం ఉంటే ములుగు దారిలో పాలంపేట రామప్ప గుడికి కూడా వెళ్లండి. 1213 నాటి ఈ గుడీ దూలాల కట్టడమే. కింద పునాది సర్దుకోవడంతో మండపం నేల ఎగుడుదిగుడుగా మారింది. గర్భగుడి పైనున్న విమాన శిఖరాన్ని నీళ్లలో తేలే ఇటుకలతో కట్టారు. తేలుతుందంటే ఘనమీటరుకి ఒక టన్ను కంటే తక్కువ. గ్రానైట్ అయితే దాదాపు 2.7 టన్నులు. కమాను వాడనివాళ్లు దూలం మీద బరువే తగ్గించారు.