నాన్నగారితో రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో: నా అనుభవం

మా నాన్నగారు వయసులో ఉండగా ఊళ్ళో పౌరాణిక నాటకాలకు తెర లాగేవారు. అందుచేత ఆయన జెర్సీ సిటీలోని మా ఇంటికి వచ్చినప్పుడు, న్యూయార్క్‌లో అన్నిటికంటే ముందు రేడియో సిటీ మ్యూజిక్ హాల్ అనే పెద్ద ప్రదర్శనశాలను చూపించాలనుకున్నాను. ప్రదర్శనకు కాదు, గైడ్ వెంట ఉండి వేదిక వెనకభాగాన్ని కూడా చూపించే టూరుకు. వెతకగానే పైన కనిపించిన ఏదో మారుబేరపు సైటులో తొందరపడి కొనబోయి, చివరి పేజీలో అదనపు రుసుము చూసి ఆగి, హాలువారి సొంత సైటులోనే టికెట్లు తీసుకున్నాను.

మా ఊరి జర్నల్ స్క్వేర్ స్టేషనులో, న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌కు నడిచే పాత్ (PATH) రైలెక్కి 33వ వీధిలో దిగి, అక్కడి నుంచి సబ్‌వేలో రాక్‌ఫెల్లర్ సెంటర్ స్టేషనుకు చేరుకున్నాము. తనిఖీ పూర్తయి లోపలికి అడుగుపెట్టగానే, 60 అడుగుల ఎత్తున ఉన్న ఫోయరు (ప్రవేశ మందిరం) పైకప్పును చూస్తూ నాన్నగారు నడవడం మరిచిపోయారు.

ప్రేక్షకశాలలో సుమారు 6,000 సీట్లున్నాయి. వేదిక మీదుగా ఒకదాని వెనక ఒకటిగా విచ్చుకున్న బంగారు రంగు కమానులు అస్తమిస్తున్న సూర్యుణ్ణి తలపిస్తాయి. మూడు బాల్కనీలున్నా చూపుకు అడ్డువచ్చే స్తంభం ఒక్కటీ లేదు. 1932 డిసెంబరు 27న ప్రారంభమైన నాటి ప్రదర్శన మరీ సుదీర్ఘమై విఫలం కావడంతో, రెండు వారాలకే సినిమాతోపాటు వేదికపై ఆటపాటలు కలిపే పద్ధతికి మారారట. 1978లో మూతపడబోయిన ఈ హాలు, లోపలి భాగానికి చారిత్రక కట్టడపు గుర్తింపు రావడంతో నిలబడింది.

అయితే నాన్నగారి మనసంతా వేదిక మీదే ఉంది. 144 అడుగుల వెడల్పున్న ఆ వేదిక మూడు పెద్ద లిఫ్టుల మీద నిలిచి ఉందనీ, హైడ్రాలిక్ పద్ధతిలో ఒక్కొక్క భాగాన్ని విడివిడిగా ఎత్తవచ్చు, దించవచ్చుననీ గైడ్ వివరిస్తుంటే నేను తెలుగులో చెబుతూ వచ్చాను. "దీన్ని ఎత్తడానికి ఎంతమంది కావాలో అడుగు," అన్నారాయన. నేను అడిగాను. ఆమె నవ్వి, గాలిలో మీట నొక్కినట్టు వేలు ఆడించింది.

నాన్నగారు తన అరచేతులు ఒకసారి చూసుకున్నారు. "మా తెరకు ఇద్దరం ఉండేవాళ్ళంరా, అందులో ఒకడు ఎప్పుడూ నిద్రే," అన్నారు.