రాప్తాడు బోరు దగ్గర తేలిన కారు పెట్రోలు పంపు లెక్క

మా అబ్బాయి ఒహాయోలో పుట్టి పెరిగినవాడు. ఇంజనీరింగు రెండో సంవత్సరంలో ఉండగా, సెలవుల్లో పనిచేసి కూడబెట్టుకున్న డబ్బుతో 2011 నాటి సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ కారు ఒకటి కొనుక్కున్నాడు. రెండున్నర లీటర్ల టర్బో ఇంజిన్, కంపెనీ లెక్క ప్రకారం 265 హార్స్‌పవర్. దానిని 350 దాకా తీసుకుపోవాలన్నది వాడి పట్టుదల. ఈ సంగతి తెలిసిన మా స్నేహితుల్లో చాలామంది, చదువు పాడవుతుంది, మొదట్లోనే వద్దని చెప్పేయండి అన్నారు. వద్దంటే పిల్లలు ఆ పని మనకు తెలియకుండా చేస్తారని నాకు గట్టి నమ్మకం. అందుకని నేనూ మావారూ మూడు షరతుల మీద సరేనన్నాము. పొగలోని విషవాయువులను తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోకూడదు, అమెరికాలో దాన్ని పీకేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. వేగం చూడాలనుకుంటే రేసు ట్రాక్ మీదే చూడాలి. ఇక మూడోది, ఏ భాగం కొన్నా అది ఎందుకు కొంటున్నాడో అనంతపురం దగ్గర రాప్తాడులో వ్యవసాయం చేసుకుంటున్న మా నాయనకు తెలుగులో చెప్పి ఒప్పించాలి.

మూడో షరతు వాడికి విచిత్రంగా తోచింది గాని నేను కావాలనే పెట్టాను. వీడియో కాల్‌లో తాతామనవళ్ల మాటలు అన్నం తిన్నావా, చదువెట్లుండాది, అక్కడ చలి తగ్గిందా అన్నంతవరకు సాగి ఆగిపోయేవి. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, కానీ మాట్లాడుకోవడానికి ఒక విషయమంటూ ఉండేది కాదు. పిల్లలకు తెలుగు రావాలని మనం శనివారం తరగతులకు పంపుతాము, పద్యాలు నేర్పిస్తాము, అవన్నీ మంచివే. అయితే వాళ్లకు నిజంగా ఆసక్తి ఉన్న పనిని తెలుగులో మాట్లాడుకునే అవకాశం మాత్రం ఎక్కడా కల్పించము. మా వాడి ఆసక్తి అంతా ఇంజిన్ మీదనే ఉన్నప్పుడు వాడి తెలుగు కూడా అక్కడి నుంచే మొదలు కావాలని నా ఉద్దేశం.

ఆ వేసవిలో అనంతపురం బయలుదేరేసరికి వాడు కొనదలచిన భాగాల జాబితాలో పైన ఉన్నది పెట్రోలు పంపు, అంటే ట్యాంకులోని పెట్రోలును ఇంజిన్‌కు తోసే చిన్న మోటారు. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపే సాధనం. గాలి ఎంత ఎక్కువ పోతే పెట్రోలు కూడా దానికి తగినంత ఎక్కువ పోవాలి. ట్యాంకు లోపల మునిగి ఉండే పంపు ఆ ధారను అందించలేకపోతే, ఇంజిన్ పూర్తి వేగంలో ఉన్న ఆ కొద్ది క్షణాల్లోనే మిశ్రమంలో పెట్రోలు పలచబడి, మంట వేడి పెరిగి, లోపల ఇంధనం వేళ కాని వేళ తనంతట తానే పేలే నాకింగ్ మొదలవుతుంది. ఆ సుబారు ఇంజిన్‌లో మొదట దెబ్బతినేది పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే సన్నటి అంచు. కాబట్టి పంపు మార్చినంత మాత్రాన శక్తి పెరగదు, పెంచిన శక్తికి ఇంజిన్ తట్టుకుని నిలబడాలంటే మాత్రం పంపు సరిపోవాలి. ఈ మాట వాడు మాకు చెప్పినప్పుడే నాకు సగం భయం తీరింది, ఎందుకంటే జోరు కంటే ముందు ఇంజిన్ క్షేమం గురించి ఆలోచిస్తున్నాడని అర్థమైంది.

బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం కనబడుతుంది. 2019లో సెల్టోస్ అక్కడి నుంచే మొదలైందనీ, అందులో టర్బో పెట్రోలు ఇంజిన్ రకం కూడా ఉందనీ మా వాడు నాకే చెప్పాడు. నేను చదువుకునే రోజుల్లో ఆ దారికి రెండు పక్కలా వేరుశనగ చేలు తప్ప మరేమీ చూసిన గుర్తు లేదు.

మేము ఊరు చేరిన వారంలోనే నాయన బోరు మోటారు ఎత్తించవలసి వచ్చింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని జిల్లా మాది. బోరే ఆధారం, దానిలోని మోటారే దిగులు. గొలుసు కప్పీతో పైపులు ఒక్కొక్కటే పైకి లాగి, చివర వచ్చిన పంపును విప్పితే స్టేజీల్లోని ఇంపెల్లర్లు (నీటిని తోసే రెక్కల చక్రాలు) ఇసుక రాపిడికి అంచులు అరిగి, రెక్కలు కాగితంలాగా పలచబడి ఉన్నాయి. మా వాడు ఒక ఇంపెల్లర్‌ను అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. కారు పంపులో కూడా ఇట్లాంటి రెక్కల చక్రమే తిరుగుతుందనీ, కాకపోతే అది రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉంటుందనీ తాతకు చెప్పి, తాను కొనదలచుకున్నది గంటకు 450 లీటర్లు పోసే వాల్‌బ్రో కంపెనీ పంపు అని కూడా చెప్పేశాడు. నాయన వెంటనే అడిగినది ఇది: "ముందు ఎంత నీళ్లు కావల్నో, ఎంత లోతు నుంచి కావల్నో చెప్పు నాయనా. అది తేలకుండా అంగడికి పోతే వాడు పెద్ద మోటారే అంటగడతాడు."

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని నా పాత లెక్కల పుస్తకం వెనుక పేజీలో ఇద్దరూ లెక్క వేశారు. టర్బో పెట్రోలు ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు ఇంచుమించు 0.6 పౌండ్ల ఇంధనం, అంటే సుమారు 272 గ్రాములు తాగుతుందని ఇంజిన్ శక్తిని సవరించే ట్యూనింగ్ పని చేసేవాళ్లు లెక్క కడతారు. 350 హార్స్‌పవర్‌కు అది గంటకు 95 కిలోలు. లీటరు పెట్రోలు ముప్పావు కిలోకు కొంచెం తక్కువ తూగుతుంది కాబట్టి 128 లీటర్లు. ఇథనాల్ కలిస్తే ఈ అంకె పెరుగుతుంది. పెట్రోలు సరిగ్గా మండడానికి దాని బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు; అంటే అదే గాలికి ఇథనాల్ చాలా ఎక్కువ పొయ్యాలి. అమెరికాలో ఈ85 పేరుతో అమ్మేదానిలో ఇథనాల్ కాలాన్ని బట్టీ, ప్రాంతాన్ని బట్టీ 51 నుంచి 83 శాతం దాకా మారుతూ ఉంటుంది. పూర్తిగా దాని మీద నడపాలంటే 128 కాస్తా 180కి పోతుంది. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు కాబట్టి ఆ పేరు నాయనకు కొత్త కాదు. మొక్కజొన్నల నుంచీ చెరకు నుంచీ తీస్తారని ఆయనే చెప్పాడు. మా వాడు మాత్రం మూడో వంతు లోపు ఇథనాల్ ఉండే మిశ్రమం దగ్గర ఆగుతానన్నాడు. ఆ లెక్కన 143 లీటర్లు, దానిపై జాగ్రత్త కోసం ఇరవై శాతం కలిపితే 172.

ఇక లోతు సంగతి. కార్లలో దానిని ఒత్తిడిగా కొలుస్తారు. ఈ కారులో ఇంధనం గొట్టంలో మామూలు ఒత్తిడి మూడు బార్లు, అంటే 43.5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). టర్బో 20 పీఎస్‌ఐ గాలిని ఊదినప్పుడు, ఆ గాలికి ఎదురుగా ఇంజెక్టర్ అనే చిన్న ముక్కు పెట్రోలును చిమ్మాలి కాబట్టి, ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటర్ ఇంధనం ఒత్తిడిని కూడా అంతే పెంచి 63.5కు చేరుస్తుంది. నీటి లెక్కలోకి మారిస్తే ఒక పీఎస్‌ఐ అంటే 2.31 అడుగులు. మా వాడు ఫోన్‌లో గుణించి, నూరడుగుల బోరు టర్బో ఊదగానే 147 అడుగుల బోరు అవుతుందన్నాడు. లోతు పెరిగేకొద్దీ అదే మోటారు తక్కువ నీళ్లు పోస్తుందన్నది నాయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. "అయితే పెట్టె మీద రాసినది ఏ లోతుకు రాసినాడో చూడల్ల" అన్నాడు. నాకు తెలిసినంతలో పంపు కొనేవాళ్లు చాలామంది వదిలేసే ప్రశ్న అదే. గంటకు 255 లీటర్లు అనీ, 340 లీటర్లు అనీ పేరుబడ్డ పంపుల అంకెలు సాధారణంగా 40 పీఎస్‌ఐ దగ్గర, 13.5 ఓల్టుల దగ్గర చెప్పినవి. 60 దాటిన తరువాత అవి అంత పొయ్యవు. కంపెనీ ఇచ్చే ధార, ఒత్తిడి పటం తెరిచి, మన ఒత్తిడి దగ్గర గీత ఎక్కడ ఉందో చూసుకోవాలి తప్ప పేరులోని అంకెను నమ్మకూడదు.

ఓల్టేజీ దగ్గర మాత్రం ఇద్దరికీ కొంతసేపు వాదన నడిచింది. లో ఓల్టేజీ వస్తే మోటారు కరెంటు ఎక్కువ లాగి కాలిపోతుందని నాయన అనుభవం. త్రీఫేజ్ మోటారుకు అది నిజం. కారు పంపు డీసీ మోటారు. ఓల్టేజీ తగ్గితే అది మెల్లగా తిరుగుతుంది, ధార తగ్గుతుంది, నష్టం ఇంజిన్‌కు జరుగుతుంది. ఈ తేడాను తెలుగులో చెప్పడానికి మా వాడు చాలా ఇబ్బంది పడ్డాడు, మధ్యలో నావైపు చూశాడు, నేను అందుకోలేదు. చివరికి కాగితం మీద రెండు మోటార్లు బొమ్మలు గీసి తనే ఒప్పించాడు. చల్లదనం విషయంలో ఇద్దరూ ఒక్కటయ్యారు: బోరు మోటారుకు నీళ్లు, కారు పంపుకు చుట్టూ ఉన్న పెట్రోలు, కాబట్టి నీళ్లు లేని బోరులో మోటారు నడపకూడదు, ట్యాంకు అడుగంటే దాకా కారు నడపకూడదు.

అప్పటికి 450 లీటర్ల పంపు మాట వాడి నోట రావడం లేదు. అంత పంపు పెడితే ఇంజిన్ వాడుకోని పెట్రోలు అంతా తిరిగి ట్యాంకుకు పోవాలి. కంపెనీ ఇచ్చిన రెగ్యులేటర్, సన్నటి తిరుగు గొట్టం అంత ధారను వదలలేవు. బండి ఖాళీగా నిలబడి నడుస్తున్నప్పుడు ఒత్తిడి ఉండవలసినదానికంటే పైకి పోతుంది, పెట్రోలు తిరిగి తిరిగి వేడెక్కుతుంది. పంపుతో పాటు రెగ్యులేటర్, గొట్టాలు, వైరింగు అన్నీ మార్చాలి. సుబారు ట్యాంకు జీను ఆకారంలో రెండు గుంటలుగా ఉంటుంది. తిరిగి వచ్చే ధార బలంతో పనిచేసే చిన్న జెట్ పంపు ఒకటి ఎడమ గుంటలోని పెట్రోలును కుడి గుంటలోకి లాగుతుంది. తిరుగు గొట్టాన్ని తోచినట్టు మార్చితే ఇది దెబ్బతిని, ట్యాంకులో పెట్రోలు ఉండగానే పంపు గాలి పీలుస్తుంది. ఈ సంగతి తెలుసుకుని వచ్చినందుకు వాడిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను.

చివరికి ఎంచుకున్నది గంటకు 265 లీటర్ల తరగతి పంపు, డాట్ష్‌వర్క్స్ వారి డీడబ్ల్యూ 65సి. ఇథనాల్‌కు తట్టుకుంటుంది, పాత పంపు ఉన్న చోటే ఇముడుతుంది, మా ఒత్తిడి దగ్గర 172కు పైన పోస్తుంది. వాల్‌బ్రో 255 పాత రకం ధర తక్కువ, ఎందరో ఏళ్ల తరబడి వాడుతున్నారు, కానీ అది ఇథనాల్ కోసం చేసినది కాదు. పైగా దాని నకిలీలు విపరీతం. ఏ పంపైనా సరే గుర్తింపు ఉన్న డీలరు దగ్గరే కొనమని మావారు పట్టుబట్టారు. 2015 తరువాతి డబ్ల్యూఆర్‌ఎక్స్ వంటి, పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లకు ఈ లెక్క చాలదు; వాటిలో ట్యాంకు పంపు తరువాత ఇంజిన్ మీద మరో అధిక పీడన పంపు ఉంటుంది, చాలాసార్లు హద్దు అక్కడే వస్తుంది.

ఒహాయోకు తిరిగి వచ్చాక పంపును వాకిట్లో, ఆరుబయట మార్చారు. గ్యారేజీలో గ్యాసు వాటర్ హీటర్ మంట ఉంటుంది కాబట్టి లోపల ట్యాంకు తెరవనివ్వలేదు. పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ ఆగిపోయేదాకా నడిపి గొట్టంలోని ఒత్తిడి దించడం, బ్యాటరీ నెగెటివ్ విప్పడం, పెట్రోలు మంటకు పనికొచ్చే అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో పెట్టుకోవడం, ఇవన్నీ అయ్యాకే వెనుక సీటు కింద మూత తెరిచారు. పంపు పై కొసకు తొడిగే రబ్బరు గొట్టం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంజిన్ దగ్గర వాడే మామూలు పెట్రోలు గొట్టం లోపలి వైపు మాత్రమే పెట్రోలుకు ఓర్చుకుంటుంది. ట్యాంకులో మునిగి ఉండేదానికి లోపలా బయటా ఓర్చుకునే ఎస్‌ఏఈ జె30 ఆర్10 ప్రమాణం ఉన్న రకమే వెయ్యాలి, లేకపోతే ఉబ్బి, పగిలి, ఒత్తిడి ట్యాంకులోనే కారిపోతుంది. అడుగున జల్లెడ, పైన ఓ-రింగు కొత్తవే వేశారు. తరువాత ట్యూనర్ దగ్గర ఇంజెక్టర్లతో సహా ఈసీయూను (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌ను) సరిదిద్దించి, మిశ్రమంలో గాలి, పెట్రోలు పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్‌తోనూ, ఇంధన ఒత్తిడి సెన్సార్‌తోనూ కొలతలు నమోదు చేసి గ్రాఫు తీశారు. టర్బో పూర్తిగా ఊదుతున్నప్పుడు ఒత్తిడి 63 పీఎస్‌ఐ దగ్గర కదలకుండా నిలిచింది.

ఆ గ్రాఫును మా వాడు తాతకు పంపి, గీత అర్థమేమిటో పావుగంట సేపు ఫోన్‌లో వివరించాడు. అంతా విని నాయన, ఓల్టేజీ మోటారు దగ్గర చూసినావా, స్టార్టర్ పెట్టె దగ్గర చూసినావా అని బోరు లెక్కలో అడిగాడు. వాడు చూసినది బ్యాటరీ దగ్గర. మరుసటి ఆదివారం మావారు మల్టీమీటర్ పట్టుకుని వెనుక కూర్చోగా, కారును రోలర్ల మీద నిలిపి శక్తి కొలిచే డైనో మీద పూర్తి భారంతో నడిపి పంపు కనెక్టర్ దగ్గరే కొలిచారు. తేడా అర ఓల్టు లోపే వచ్చింది. బ్యాటరీ నుంచి రిలేతో నేరుగా మందపాటి తీగ లాగే పనిని, ఎప్పుడైనా ఇంతకంటే పెద్ద పంపు అవసరమైన రోజుకు వాయిదా వేసుకున్నారు.