వంటింటి నల్లా

నల్లగొండల మా ఇంటి వంటింటి నల్లా నెల రోజుల సంది కారుతుండె. రాత్రి కింద చెంబు పెడితే తెల్లారేసరికి నిండి పొర్లుతుండె. అమ్మకు పాణం ఒప్పకపోయేది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పండ్లు గారపట్టిన తరం ఆమెది. కృష్ణా నీళ్లు ఇంటికొచ్చినంక ఒక్క చుక్క పారబోయనియ్యదు.

ఆదివారం నేనే పట్టుకున్న. ముందు ట్యాంకు గేట్‌వాల్ బంద్ చేసిన. పానాతోని పై నట్టు విప్పితే స్పిండిల్, అంటే నల్లా తిప్పితే లోపల తిరిగే కడ్డీ, బయటికొచ్చింది. దాని కొసకు ఉన్న రబ్బరు వాషర్ల గుండ్రంగ గాడి పడ్డది, అంచు చినిగింది. అది కూసునే ఇత్తడి అంచు మీద నీళ్ల సున్నం తెల్లగ పెచ్చు కట్టింది. నిమ్మచెక్క రుద్ది కాసేపు నాననిచ్చి, పాత బ్రష్‌తోని గీకితే నున్నగైంది. వాషర్ ఒక్కటే మార్చి ఊకుంటే మళ్ల కారేదే అనిపించింది. కారుతుందని ఇన్ని రోజులు బలం పెట్టి తిప్పుడే వాషర్‌ను ఇంకింత నలిపిందని గూడ అప్పుడే అర్థమైంది.

గోడకాడ చెమ్మ ఉండె, నల్లా మొత్తం తీసిన. సందుల నీళ్లు కారకుండ మర మీద చుట్టే టెఫ్లాన్ టేపు మొదట ఎదురు చుట్టిన, బిగిస్తుంటే ముడుచుకొని బయటికొచ్చింది. మర బిగిసే దిక్కుకే పది చుట్లు చుట్టినంక కుదిరింది.

రాత్రి అమ్మ అలవాటుగ చెంబు తెచ్చింది. నల్లా కింద వేలు పెట్టి చాన సేపు చూసింది. వేలు తడవలే. చెంబు బోర్లించి పోయి పడుకుంది.