బొబ్బిలి కోట నిలిచేదేమో!

జరిగిపోయినదాన్ని ఊహించి చెప్పే మాటలకి ఇంగ్లీషు గైడ్లలో ఒక పట్టిక ఉంటుంది. మస్ట్ హావ్ అంటే 95 శాతం ఖాయం, మే హావ్ అంటే 50, మైట్ హావ్ అంటే 30. గైడు మారితే అంకెలూ మారతాయి. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మంట. నోరు తెరిచే ముందు శాతం లెక్క కట్టుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు. పిల్లలు మాత్రం దాన్ని శుభ్రంగా బట్టీ పట్టి, పరీక్షలో ఖాళీలు పూరించి, గేటు దాటగానే "హి మే బి కేమ్ సార్" అంటారు.

రాజాం దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను నేను. జరిగిపోయినదాని గురించి ఊహించి చెప్పే ఈ పాఠం వచ్చినప్పుడు పట్టిక జోలికి పోను. హాజరు పట్టీ తీస్తాను. వెనక బెంచీ కుర్రాడు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పండర్రా అంటాను.

"బస్సు తప్పిపోయుంటాది సార్."

కావచ్చు. 'హి మే హావ్ మిస్డ్ ద బస్.' ఆధారమేమీ లేదు, కాదనడానికీ ఏమీ లేదు. అలాంటప్పుడు మే, మైట్, కుడ్ ఏది వాడినా ఫరవాలేదు. మైట్ అంటే గొంతు కాస్త తగ్గుతుంది, అంతే.

"జొరం వచ్చుంటాది సార్" అని ఇంకొకడు. పక్కవాడు ఊరుకోడు. "జొరమేటి? రాత్రి ఎనిమిది దాకా కబడ్డీ ఆడినాడు, ఇందాక చెరువు గట్టు మీద కూడా కనపడ్డాడు." ఇప్పుడు ఆధారం వచ్చింది, మాటా మారాలి. 'హి కాంట్ హావ్ బీన్ ఇల్.' ఇక్కడ చాలామంది 'మస్ట్ నాట్' అని రాస్తారు. మస్ట్‌కి ఎదురుమాట మస్ట్ నాటే అయుండాలనుకుంటారు పాపం. బ్రిటిష్ ఇంగ్లీషులో ఊహ చెప్పేటప్పుడు మస్ట్‌కి ఎదురు నిలబడేది కాంట్. మస్ట్ నాట్ అంటే 'చేయకూడదు' అని గదమాయించడం.

చివర్న ఒకమ్మాయి లేచి, వాడు బట్టల సంచితో వాళ్ల నాన్న బండెక్కడం చూసినానని చెప్పింది. ఇంకేముంది, పండక్కి అమ్మమ్మగారింటికి వెళ్లుంటాడు. 'హి మస్ట్ హావ్ గాన్.' మస్ట్ అన్నాం కదా అని కళ్లారా చూసినట్టు కాదు. చూసి ఉంటే 'హి వెంట్' అంటే సరిపోయేది, మస్ట్‌తో పనేముంది?

రూపం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 'హి' వచ్చినా 'షి' వచ్చినా హావే, హ్యాజ్ రాదు. దాని వెనక క్రియ మూడో రూపం. మామూలు వాక్యంలో 'క్యాన్ హావ్' అనకండి, కుడ్ హావ్ అనండి. ప్రశ్నలో మాత్రం 'వేర్ క్యాన్ హి హావ్ గాన్?' అనొచ్చు. ఇక 'మేబీ' అని ఒకే మాటగా కలిపి వాక్యానికి ముందు పెట్టి 'మేబీ హి కేమ్' అంటే నిక్షేపంలాంటి ఇంగ్లీషు. 'హి' తర్వాత పెడితేనే పేచీ, అక్కడ 'హి మే హావ్ కమ్' అనాలి. అన్నట్టు, ఇంగ్లీషువాళ్లు గబగబా మాట్లాడితే మస్ట్ హావ్ కాస్తా 'మస్టవ్' అని వినిపిస్తుంది. అది విని అక్కడి పిల్లలు కూడా 'మస్ట్ ఆఫ్' అని రాసి చీవాట్లు తింటారు. మన పిల్లలకి ఇది చెబితే మహా సంతోషిస్తారు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. తిత్లీ తుపాను గుర్తుందా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం అయిపోయాయి. మా పెద్దమ్మ వాళ్లది మందస వైపు. కరెంటు లేదు, ఫోన్లు కలవవు. ఇక్కడ మా ఇంట్లో ఒకటే టెన్షన్. పెరట్లో పెద్ద కొబ్బరిచెట్లున్నాయి, ఇంటి మీద పడి ఉండొచ్చు. మనుషులకి ఏమైనా అయి ఉండొచ్చు. ఆ పూట మేం అనుకున్నవన్నీ 'మే హావ్', 'మైట్ హావ్' మాటలే. ఏం జరిగిందో మాకు తెలియదు.

తర్వాత కబురొచ్చింది. చెట్టు పడింది గానీ పశువుల సాలకీ వంటింటికీ మధ్య సందులో పడింది. పెద్దమ్మ ఫోన్లో, "మూరెడు ఇటు పడితే మేం పోయేవాళ్లమేరా" అంది. దీన్ని ఇంగ్లీషులో ఎలా చెబుతాం? 'వి మైట్ హావ్ డైడ్.' లేదా కుడ్ హావ్. మొన్న తెలియక వాడిన మైట్ హావే, ఇవాళ అంతా తెలిశాక, తప్పిపోయిన గండానికి కూడా వాడుతున్నాం. ఒకే రూపం, రెండు పనులు. అయితే ఈ రెండో పని 'మే హావ్'కి అప్పగించకూడదు. 'వి మే హావ్ డైడ్' అని బోర్డు మీద రాశాను. ముందు బెంచీవాడు లేచి "అంటే చచ్చిపోయినోడు మాటాడతన్నాడా సార్?" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. వాడికి ఇంక ఈ పాఠం చెప్పక్కర్లేదు. ఈ తేడా ఇంగ్లీషు పేపర్లు రాసేవాళ్లకే ఒక్కోసారి జారిపోతుంటుంది.

మనకున్న సుఖమేమిటంటే, తెలుగు ఈ రెంటినీ కలపదు. 'పోయి ఉండొచ్చు' వేరు, 'పోయేవాళ్లం' వేరు. అందుకని నా దగ్గర చదివేవాళ్లకి ఒకటే చెబుతాను. ముందు తెలుగులో అనుకోండి. నోటికి 'ఉండొచ్చు' వస్తే మే, మైట్, కుడ్ మూడూ మీవే. 'అయ్యేది', 'పోయేవాడు' వస్తే మేని పక్కన పెట్టండి. ఇంగ్లీషులోనే ఆలోచించాలి, తెలుగు అడ్డం రాకూడదు అని కోచింగుల్లో ఊదరగొడుతుంటారు. ఈ ఒక్క పాఠం దగ్గరైనా నేను దానికి ఒప్పుకోను.

'నాట్' చేరిస్తే ఇంకో మడత. మామూలుగా కుడ్ హావ్, మైట్ హావ్ ఇంచుమించు ఒకటే కదా. నాట్ తగిలిందా, రెండూ చెరో దిక్కుకీ పోతాయి. 'మైట్ నాట్ హావ్' అంటే జరగకపోయి ఉండొచ్చు. 'కుడ్ నాట్ హావ్' అంటే జరిగే వీలే లేదు. దీనికి మా పిల్లల దగ్గర బొబ్బిలి యుద్ధం కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1757 జనవరి 24న విజయనగరం రాజు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోట మీద పడ్డారు. బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడని, కబురు వేళకి అందలేదని మా వైపు చిన్నపిల్లాడైనా చెబుతాడు. బొబ్బిలికీ రాజాంకీ మధ్య సుమారు 30 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడదీశాక రాజాం కూడా విజయనగరం జిల్లాలోకే వచ్చింది. పాత యుద్ధం మాట ఎత్తితే మావాళ్లు మాత్రం ఇప్పటికీ బొబ్బిలి పక్షమే.

పాపారాయుడికి కబురు అంది ఉంటే ఏమయ్యేదో రాయమన్నాను. సగానికి సగం 'ద ఫోర్ట్ కుడ్ నాట్ హావ్ ఫాలెన్' అని రాశారు, అంటే పడే ప్రసక్తే లేదని. మరి బుస్సీ ఫిరంగుల మాటేమిటి అన్నాను. "ఫిరంగులుంటే ఏటి సార్, పాపారాయుడు!" అని ఒకడు బల్ల గుద్దాడు. మట్టి కోట, ఎదురుగా ఫిరంగులు, లోపల కొద్దిమంది సైన్యం. నా మట్టుకు నాకు 'మైట్ నాట్ హావ్' దాకా పోవడమే ఎక్కువ. అది కూడా ఊరి మీద అభిమానంతో. నోటు పుస్తకాల్లో దాన్ని దిద్దితే ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడటం మానేశారు.

ఒకమ్మాయి మాత్రం కోట సంగతి వదిలేసి బొబ్బిలి రాజుగారి మీద పడింది. "ముందే కబురు పెట్టొచ్చు కదా సార్, అంత దగ్గర్లో ఉంటే?" దానికీ మైట్ హావే, 'హి మైట్ హావ్ టోల్డ్ హిమ్ ఎర్లియర్.' ఇది ఊహా కాదు, గండం తప్పడమూ కాదు. నిష్ఠూరం. మా ఆవిడ నాతో రోజూ ఆడే మాట ఇదే అని నోటిదాకా వచ్చింది గానీ, లెక్కల మేస్టారు గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నారు.